గొంతు చర్చిది, పేరు ఇంకెవరిదో

1989 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో ఎక్కడ చూసినా ఒకటే పాట, 'రైడ్ ఆన్ టైమ్'. ఆరు వారాలు నంబర్ వన్‌లో కూర్చుంది, ఆ ఏడాది మొత్తంలో అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన సింగిల్ కూడా అదే. బ్యాండ్ పేరు బ్లాక్ బాక్స్, ఇటలీ వాళ్ళు. టీవీలో ఈ పాట వచ్చినప్పుడల్లా సన్నగా పొడుగ్గా ఉన్న ఒక ఫ్రెంచ్ మోడల్, కాత్రిన్ కినోల్ అని, మైక్ ముందు పెదాలు కదుపుతూ కనబడేది. పెదాలు ఆమెవే గానీ గొంతు ఆమెది కాదు. ఆ గొంతు చికాగోలో పుట్టి పెరిగిన లోలియాటా హాలోవేది. తొమ్మిదేళ్ళ ముందు, అంటే 1980లో, 'లవ్ సెన్సేషన్' అనే డిస్కో పాటలో ఆవిడ గొంతు చించుకుని పాడిన వాటిని ముక్కలుగా కోసి ఈ కొత్త పాటలో అతికించారు. ఆవిడ పేరు ఎక్కడా వెయ్యలేదు. ఆవిడ పాడింది 'రైట్ ఆన్ టైమ్' అని, వీళ్ళకి అది 'రైడ్' అని వినబడింది, పాట పేరు అలాగే ఉండిపోయింది.

నేను ఈ పాట పాడింది ఎవరో తెలీకుండానే చాలా ఏళ్ళు విన్నా. తెలిశాక మాత్రం అదే వెతుక్కుంటూ పోయా, ఎందుకంటే ఇది ఒక్క పాటతో పోయే సంగతి కాదు, సోల్, డిస్కో పాడిన ఆడవాళ్ళలో ఎంతోమంది జీవితాల్లో ఇదే చిక్కుముడి ఉంది. చర్చిలో పెరిగిన గొంతు డాన్స్ ఫ్లోర్ మీదకి ఎలా వచ్చింది, వచ్చినందుకు ఆ మనిషి ఏం పోగొట్టుకుంది, ఆ గొంతు మీద వచ్చిన డబ్బు ఎవరి జేబులోకి పోయింది, ఈ మూడూ ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి.

ముందు గాస్పెల్ అంటే ఏంటో చూడాలి. అమెరికాలో నల్లవాళ్ళ చర్చీల్లో పుట్టిన ఈ సంగీతానికి పెద్ద దిక్కు థామస్ డార్సీ అనే చికాగో పియానిస్టు. ఆయన మొదట్లో బార్లలో బ్లూస్, అంటే నల్లవాళ్ళ లోకపు పాటలు, వాయించుకునేవాడు, పచ్చి పచ్చి పాటలు కూడా పాడాడు. ఆ బ్లూస్‌నే తీసుకొచ్చి దేవుడి పాటల్లో కలిపాడు. మొదట్లో చాలా చర్చీలు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు, ఇది సైతాను సంగీతం అన్నారు. 1932లో ఆయన భార్య కాన్పులో చనిపోయింది, పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు, ఆ దుఃఖంలోనే ప్రభువా నా చెయ్యి పట్టుకో అనే అర్థం వచ్చే పాట రాశాడు, తర్వాత మహాలియా జాక్సన్ అనే గాస్పెల్ గాయని గొంతులో అది దేశమంతా పాకింది. నేను ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఏ అమ్మాయి అయినా గాస్పెల్ వదిలి ప్రేమ పాటలు పాడితే చర్చి 'లోకంలో కలిసిపోయింది' అని బాధపడేది, కోప్పడేది, కానీ ఆ చర్చి పాటల్లోనే లోకం మొదటి రోజు నించీ ఉంది. గీత ఎక్కడ గీయాలో ఎవరికీ సరిగ్గా తెలీదు, గీత దాటిన ఆడపిల్లకి మాత్రం శిక్ష పడేది.

ఇంక ఆ చర్చి నేర్పే విద్య ఎలాంటిదంటే, ఎదురుగా వందలమంది, గొంతు గోడలకి తగిలి వెనక్కి రావాలి, వాద్యాల మీదుగా వినబడాలి. ఒక్క అక్షరాన్ని పట్టుకుని పది స్వరాల మీద దొర్లించడం, మెత్తగా మొదలుపెట్టి గరగరమనే కేకదాకా పోవడం, తను ఒక మాట అంటే కూర్చున్నవాళ్ళంతా తిరిగి అనడం, ఇవన్నీ అక్కడ ఆరేడేళ్ళ వయసుకే వచ్చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది పాట చివర్లో వచ్చే భాగం, వాళ్ళు దాన్ని వ్యాంప్ అంటారు. పాట అయిపోయిందనిపించే చోట బ్యాండు ఒకటి రెండు స్వరగుచ్ఛాల (కార్డ్స్) మీదే తిరుగుతూ ఉండిపోతుంది, వెనకున్న కోయిర్, అంటే పాటబృందం, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ అంటుంటుంది, ఇంక ముందున్న ఆవిడ ఇష్టం. అదే మాట ఇరవై సార్లు ఇరవై రకాలుగా అంటుంది, ఒక్కోసారి ఒక్కో మెట్టు పైకెక్కుతుంది, వినేవాళ్ళు లేచి నిలబడతారు, ఏడుస్తారు, ఊగిపోతారు. ఎంతసేపు అంటే లెక్క లేదు, ఆత్మ దిగివచ్చినంతసేపు. ఈ వ్యాంప్ సంగతి గుర్తుపెట్టుకోండి, డిస్కోకి వచ్చినప్పుడు దీంతో చాలా పని ఉంది.

1954లో రే చార్ల్స్ ఒక గాస్పెల్ పాట నడకని తీసుకుని దేవుడి స్థానంలో ఆడమనిషిని పెట్టి పాడాడు, సోల్ సంగీతం అక్కడ మొదలైందని చాలామంది అంటారు. 1957లో గాస్పెల్ లోకానికి కంటి వెలుగు లాంటి గాయకుడు శామ్ కుక్ గాస్పెల్ వదిలి బయటికి వచ్చేశాడు. మహాలియా జాక్సన్ మాత్రం ఎంత డబ్బు ఇస్తామన్నా నైట్‌క్లబ్‌లో పాడనని భీష్మించుకుంది. సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ విషయంలో అదృష్టం ఏంటంటే వాళ్ళ నాన్నే పెద్ద పేరున్న పాస్టర్, డెట్రాయిట్‌లో న్యూ బెథెల్ బాప్టిస్ట్ చర్చి ఆయనది, ఆయన ప్రసంగాలు రికార్డులుగా అమ్ముడుపోయేవి. ఆయనే కూతుర్ని కొలంబియా రికార్డు కంపెనీలో పెట్టించాడు. అక్కడ 1960 నించీ ఆరేళ్ళు పాడినా గొంతుకి తగ్గ పాట పడలేదు, 1967లో అట్లాంటిక్ కంపెనీకి మారి అలబామాలో మసుల్ షోల్స్ అనే చిన్న ఊళ్ళో పియానో ముందు కూర్చోబెట్టేసరికి మొత్తం మారిపోయింది. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక చర్చిలో రెండు రాత్రులు గాస్పెల్ పాడి రికార్డు చేసింది, రెండో రాత్రి వాళ్ళ నాన్న లేచి, నిజం చెప్పాలంటే ఈ పిల్ల అసలు చర్చిని వదిలి వెళ్ళనే లేదు అన్నాడు. ఆ మాట చెప్పే నాన్న ఉన్నాడు గనక సరిపోయింది. మిగతావాళ్ళకి అలా వెనకేసుకొచ్చేవాళ్ళు ఎవరున్నారు?

లోలియాటా సంగతికే వద్దాం. 1946లో పుట్టింది, వాళ్ళమ్మ నడిపే చర్చి బృందంలో పాడుతూ పెరిగింది. 1967లో కారవాన్స్‌లో చేరింది. గాస్పెల్ తెలిసినవాళ్ళకి ఆ పేరు చాలు, ఆల్బర్టీనా వాకర్ పెట్టిన ఆ బృందం ఒక యూనివర్సిటీ లాంటిది, షర్లీ సీజర్, ఇనెజ్ ఆండ్రూస్, జేమ్స్ క్లీవ్‌లండ్, అందరూ అందులోంచి వచ్చినవాళ్ళే. నాలుగేళ్ళు అక్కడ పాడి బయటికి వచ్చి, అట్లాంటాలో ఒక చిన్న కంపెనీకి సోల్ పాటలు పాడింది, ఆ కంపెనీ మునిగిపోయింది, అప్పుడు ఫిలడెల్ఫియాలో నార్మన్ హారిస్ అనే ప్రొడ్యూసర్ తన గోల్డ్ మైండ్ అనే రికార్డు లేబుల్‌కి తీసుకున్నాడు, దాని వెనకున్న పెద్ద కంపెనీ సాల్‌సోల్. అలా డిస్కోలోకి వచ్చింది.

డిస్కో అంటే చాలామందికి మెరుపుల బంతి, బెల్ బాటమ్ ప్యాంటు గుర్తొస్తాయి, లోపల ఉన్న యంత్రం వేరు. ఎర్ల్ యంగ్ అనే ఫిలడెల్ఫియా డ్రమ్మర్ తాళంలో ఒక్కో ఆవర్తానికి నాలుగు దెబ్బలూ కాలితో కొట్టే కిక్ డ్రమ్ మీద సమానంగా వేసి, మధ్యలో హై-హ్యాట్ అనే జంట తాళాల్ని సన్నగా 'త్స్' అని తెరిచే పద్ధతి పెట్టాడు. దాని మీద కంజీర లాంటి టాంబరిన్, చప్పట్లు. పెంటెకొస్తు చర్చిలో ఆదివారం కాసేపు కూర్చున్నవాళ్ళకి ఈ చప్పట్లు, ఈ టాంబరిన్ కొత్తవి కావు. అంటే కింద ఉన్న లయ సగం చర్చి నించే వచ్చింది, పైన అలాంటి గొంతు పడితే సహజంగా కూర్చుంటుంది. పైగా డాన్స్ ఫ్లోర్‌కి కావలసింది మూడు నిమిషాల పాట కాదు, ఆగకుండా పోయేది కావాలి, ఒకే చోట తిరుగుతూ పైపైకి ఎక్కేది కావాలి. అదే కదా వ్యాంప్.

దీన్ని కళ్ళకి కట్టినట్టు చూపించేది 1977లో వచ్చిన లోలియాటా 'హిట్ అండ్ రన్' పాట. మామూలుగా పాటంటే చరణాలు, పల్లవి, చివర్లో కొంచెం సేపు ఆవిడ ఇష్టం వచ్చినట్టు పాడటం. వాల్టర్ గిబ్బన్స్ అనే న్యూయార్క్ డీజే చేతికి సాల్‌సోల్ వాళ్ళు అసలు టేపులే ఇచ్చారు, ఒక్కో వాద్యం ఒక్కో ట్రాక్‌లో విడివిడిగా ఉండేవి. అతను చరణాల్ని చాలావరకు కోసి పారేశాడు, చివర్లో ఆవిడ రాసిలేని పాట పాడుతూ అరిచిన, మూలిగిన, గద్దించిన ముక్కలన్నీ తీసుకుని 11 నిమిషాల వెర్షన్ చేశాడు. అంటే ఏం చేసినట్టు? రాసిన పాటని పక్కన పెట్టి, చర్చిలో నేర్చిన భాగాన్ని మాత్రం ఉంచాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఒకచోట వాద్యాలన్నీ పక్కకి తప్పుకుంటాయి, గొంతూ డ్రమ్మూ మాత్రం మిగుల్తాయి, అక్కడ నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది, ఆవిడ ఎవరితో దెబ్బలాడుతోందో, ఎవరిని పిలుస్తోందో తెలీదు, ప్రియుడా, దేవుడా, రెండూ ఒకటే అయిపోతాయి.

ఈ పాటలకి మొదట ఊగిపోయినవాళ్ళు ఎవరు అనేది కూడా ముఖ్యమే. న్యూయార్క్, చికాగో క్లబ్బుల్లో నల్లజాతి, లాటినో గే కుర్రాళ్ళు. వాళ్ళలో చాలామంది చర్చిలో పెరిగి, ఆ చర్చికే అక్కర్లేకుండా పోయినవాళ్ళు. ఆ గొంతు వాళ్ళకి చిన్నప్పటి ఆదివారాల గొంతు, అది పాపం అనకుండా రమ్మని పిలిచే చోటు క్లబ్బు ఒక్కటే. లోపలికి రానివ్వని ఇంట్లో వండిన అన్నం గుమ్మం బయట పెట్టినట్టు ఉంటుంది నాకు ఇది తల్చుకుంటే.

1980లో 'లవ్ సెన్సేషన్' రాసి, ప్రొడ్యూస్ చేసింది డాన్ హార్ట్‌మన్. అతను పాడించిందే పాడించాడట, ముప్ఫై సార్ల దాకా. గొంతు పోయింది, ఆవిడ కాఫీలో విక్స్ కలుపుకుని తాగి మళ్ళీ పాడానని తర్వాత ఇంటర్వ్యూలో చెప్పింది. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో పాటల్లో ముక్కలుగా తిరుగుతున్న ఆ కేక అలా పుట్టింది.

కానీ అప్పటికే డిస్కో మీద దాడి అయిపోయింది. 1979 జులై 12న చికాగోలోనే, కామిస్కీ పార్క్ స్టేడియంలో, ఒక రేడియో జాకీ పిలుపుకి వేలమంది వచ్చి డిస్కో రికార్డుల పెట్టెని మైదానం మధ్యలో పేల్చేశారు, జనం గ్రౌండ్‌లోకి దూకారు, ఆ రోజు అక్కడ ఆడాల్సిన రెండో బేస్‌బాల్ మ్యాచ్ జరగనే లేదు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు డిస్కో అనే మాటంటేనే భయపడ్డాయి. ఆ సంగీతాన్ని కాపాడుకుంది మళ్ళీ ఆ చికాగోలోనే, వేర్‌హౌస్ అనే క్లబ్బులో, ఫ్రాంకీ నకల్స్ అనే డీజే. అక్కడ పుట్టిన కొత్త డాన్స్ సంగీతానికి ఆ క్లబ్ పేరు మీదే హౌస్ మ్యూజిక్ అని పేరొచ్చింది. గాస్పెల్ పెరిగింది, లోలియాటా పుట్టింది, డిస్కోని పేల్చింది, దాన్ని మళ్ళీ బతికించింది, అన్నీ ఒక్క ఊళ్ళోనే.

ఇంక డబ్బు ముడి. ఇది కొంచెం నెమ్మదిగా చదవాలి. ఒక రికార్డులో రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి పాట, అంటే మాటలు, ట్యూను, అది రాసినవాళ్ళది, వాళ్ళ పబ్లిషర్‌ది. రెండోది రికార్డింగ్, దాన్ని మాస్టర్ అంటారు, అది చాలాసార్లు కంపెనీది. పాడిన మనిషికి ఈ రెండిట్లోనూ మామూలుగా ఆస్తి హక్కు ఉండదు, కాంట్రాక్టులో ఏం రాసుంటే అంతే, కొంత రాయల్టీ అని రాసుంటే అది, లేదా ఒక్కసారి ఫీజు. అందుకని ఎవరైనా ఆ గొంతుని శాంపుల్ చెయ్యాలంటే, అంటే ముక్క కోసి కొత్త పాటలో వాడుకోవాలంటే, పబ్లిషర్‌ని అడగాలి, మాస్టర్ ఉన్న కంపెనీని అడగాలి, పాడిన మనిషిని అడగాలని రూలేం లేదు. ఇంకో అన్యాయం, అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, పాడినవాళ్ళకి రాదు, ఇప్పటికీ అంతే. 'రైడ్ ఆన్ టైమ్' విషయంలో సాల్‌సోల్ వాళ్ళు లాయర్లతో వెంటపడ్డారు, బ్లాక్ బాక్స్ వాళ్ళు గొంతు మార్చి హీథర్ స్మాల్ అనే అమ్మాయితో అదే మళ్ళీ పాడించారు, లోలియాటాకి తర్వాత సెటిల్‌మెంట్‌లో కొంత ముట్టింది. ఆ డబ్బు ఎంతో బయటికి చెప్పలేదు. ఆరు వారాలు నంబర్ వన్‌లో ఉన్న గొంతు తనదని జనానికి తెలియాల్సిన సమయం మాత్రం మళ్ళీ రాదు కదా.

మనకి ప్లేబ్యాక్ అలవాటు గనక, ఒకళ్ళు పాడితే ఇంకొకళ్ళు పెదాలు కదపడంలో తప్పేముంది అనిపించొచ్చు. ప్లేబ్యాక్‌లో పాడిన మనిషి పేరు వేస్తారు, చూసేవాళ్ళకి సంగతి తెలుసు. ఇక్కడ ఆల్బమ్ కవర్ మీదా, వీడియోలోనూ పెదాలు కదిపిన మనిషినే పాడిన మనిషిగా అమ్మారు.

ఈ దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్నది మార్తా వాష్. శాన్ ఫ్రాన్సిస్కోలో 1953లో పుట్టింది, చర్చిలో, గాస్పెల్ బృందంలో పాడింది. సిల్వెస్టర్ అనే డిస్కో గాయకుడు, ఆయన కూడా పెంటెకొస్తు చర్చిలో పెరిగినవాడే, వెనక పాడేవాళ్ళ కోసం ఆడిషన్ పెట్టుకుంటే మార్తా వెళ్ళింది, పాడింది, ఆయన నీలాగే లావుగా ఉండి పాడగలిగేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడట, ఆవిడ తన గాస్పెల్ స్నేహితురాలు ఇజోరాని తీసుకొచ్చింది. ఇద్దరికీ కలిపి 'టూ టన్స్ ఓ ఫన్' అని పేరు, శరీరాన్ని దాచకుండా ముందు పెట్టారు. తర్వాత వాళ్ళే వెదర్ గర్ల్స్ అయ్యారు, 1982లో 'ఇట్స్ రెయినింగ్ మెన్', అంటే మగాళ్ళ వాన కురుస్తోంది అనే పాట పాడారు. డిస్కో గాయని డోనా సమ్మర్‌తో సహా పెద్ద పెద్ద వాళ్ళు వద్దన్న పాట అది, డోనా అప్పటికి మళ్ళీ భక్తిలోకి వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరూ కూడా మొదట అదేదో వేళాకోళం అనుకున్నారు, కానీ పాడినప్పుడు మాత్రం బైబిల్లో ప్రకటన గ్రంథం చదువుతున్నంత గంభీరంగా పాడారు, ఆ పాట నిలబడింది అందుకే అని నా నమ్మకం.

అంత హిట్ కొట్టిన మనిషికి 1989, 90ల్లో జరిగింది చూడండి. బ్లాక్ బాక్స్ వాళ్ళు, అదే బ్యాండు, తమ ఆల్బమ్‌లో చాలా పాటలు మార్తాతో పాడించారు, 'ఎవ్రీబడీ ఎవ్రీబడీ', 'స్ట్రైక్ ఇట్ అప్' లాంటివి, పేరు వెయ్యలేదు, కవర్ మీదా వీడియోల్లోనూ మళ్ళీ కాత్రిన్ కినోల్‌నే పెట్టారు. అదే సమయంలో సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే డాన్స్ బృందం వాళ్ళ దగ్గర ఒక పాటకి డెమో పాడింది, డెమో అంటే తర్వాత ఇంకెవరో పాడటానికి నమూనా అన్నమాట. ఆ నమూనా గొంతునే ఉంచేసి 'గొన్నా మేక్ యూ స్వెట్' అని విడుదల చేశారు, వీడియోలో జెల్మా డేవిస్ అనే అమ్మాయి పెదాలు కదిపింది. అందరినీ లేచి డాన్స్ చెయ్యమని గద్దించే ఆ కేక మీరు ఎక్కడో ఒకచోట విన్నారు, పెళ్ళిలోనో జిమ్‌లోనో, అది మార్తాది. 1991 ఫిబ్రవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది, పాడినావిడ ఇంట్లో కూర్చుని టీవీలో తన గొంతు వేరే మొహంలోంచి రావడం చూసింది.

ఎందుకలా చేశారంటే జవాబు కష్టమేం కాదు, ఆవిడ లావుగా ఉందని. గొంతు కావాలి, ఆ గొంతు తయారైన ఒళ్ళు వద్దు. మార్తా ఊరుకోలేదు, కేసులు వేసింది. అప్పుడే మిల్లీ వనిల్లీ గొడవ, పాడకుండానే పాడినట్టు నటించిన ఇద్దరు కుర్రాళ్ళ గ్రామీని 1990లో వెనక్కి తీసుకున్నారు, జనంలో కూడా ఈ విషయం మీద కోపం ఉంది. ఒక సెటిల్‌మెంట్‌లో భాగంగా ఆర్‌సీఏ కంపెనీ ఆవిడతో సోలో ఆల్బమ్ చేసింది, 1993లో వచ్చింది, అందులో రెండు పాటలు డాన్స్ చార్ట్‌లో మొదటి స్థానానికి వెళ్ళాయి. 'గొన్నా మేక్ యూ స్వెట్' వెనకున్న పెద్ద కంపెనీ సోనీతో గొడవ 1994లో తేలింది, ఆ పాట వీడియో వేసేటప్పుడు గొంతు మార్తా వాష్‌ది అని చూపించాలని సోనీ వాళ్ళు టీవీ వాళ్ళని అడిగారు. ఆ తర్వాత డాన్స్ రికార్డుల మీద పాడినవాళ్ళ పేర్లు వెయ్యడం ఆనవాయితీ అయ్యింది. ఈ రోజు ఒక పాట కింద 'ఫీచరింగ్' అని ఒక ఆడమనిషి పేరు కనబడితే దాంట్లో ఈవిడ పోరాటం కొంత ఉంది. నిజానికి ఇది డిస్కోతో మొదలైన జబ్బు కూడా కాదు, 1962లో క్రిస్టల్స్ అనే అమ్మాయిల బృందం పేరు మీద నంబర్ వన్ అయిన 'హీ ఈజ్ ఎ రెబెల్' పాడింది పాస్టర్ కూతురు డార్లీన్ లవ్, క్రిస్టల్స్‌లో ఒక్కరు కూడా ఆ రికార్డింగ్‌లో లేరు.

లోలియాటాకి 1991లో ఒక మంచి జరిగింది. మార్కీ మార్క్, అంటే తర్వాత సినిమా హీరో అయిన మార్క్ వాల్‌బర్గ్, 'గుడ్ వైబ్రేషన్స్'లో అదే 'లవ్ సెన్సేషన్' ముక్క వాడుకుంటూ ఆవిడ పేరు కూడా వేశాడు, వీడియోలో ఆవిడే కనబడి పాడింది, అమెరికాలో నంబర్ వన్ అయింది. 2011లో చనిపోయింది, 64 ఏళ్ళు.

చివరిగా ఇంకో గాయని, క్యాండీ స్టేటన్ గురించి చెప్పకుండా ఉండలేను. అలబామాలో 1940లో పుట్టింది, పదమూడు పద్నాలుగేళ్ళకే జ్యూవెల్ గాస్పెల్ ట్రయోలో అక్కతో కలిసి ఊరూరా తిరిగి పాడింది. తర్వాత పెళ్ళి, పిల్లలు, కష్టాలు, మళ్ళీ పాట. మసుల్ షోల్స్‌లో ఫేమ్ స్టూడియోలో సోల్ పాడింది. 1976లో డేవిడ్ క్రాఫర్డ్ అనే రచయిత ఆవిడ సంసారంలో పడుతున్న బాధంతా ఆవిడ నోటే విని 'యంగ్ హార్ట్స్ రన్ ఫ్రీ' రాశాడు. జనం దానికి నవ్వుతూ డాన్స్ చేస్తారు, మాటలు వింటే దెబ్బలు తినే ఇంట్లోంచి ఎలా బయటపడాలో తెలీని ఆడమనిషి కుర్రపిల్లలకి చెప్తున్న హెచ్చరిక అది. చర్చిలో సాక్ష్యం చెప్పడం అంటారే, లేచి నిలబడి నాకు ఇలా జరిగింది అని చెప్పుకోవడం, ఇది అదే.

1982లో ఆవిడ క్లబ్బులు, తాగుడు అన్నీ వదిలేసి గాస్పెల్‌కి తిరిగొచ్చింది, భర్తతో కలిసి మినిస్ట్రీ పెట్టింది. 1986లో ఒక మనిషి బరువు తగ్గడం మీద తీస్తున్న డాక్యుమెంటరీ కోసం 'యూ గాట్ ద లవ్' అని ఒక పాట పాడింది. ప్రార్థన లాంటి పాట, రక్షకుడు అనే మాట అందులో నేరుగానే ఉంటుంది. తన పనిలో తను పడిపోయింది. కొన్నేళ్ళకి ఇంగ్లండ్‌లో ఒక డీజే ఆ పాటలోంచి గొంతు మాత్రం తీసుకుని, వేరే రికార్డు సంగీతం మీద పెట్టాడు. ఆ సంగీతం ఎవరిదంటే చికాగో వేర్‌హౌస్ డీజే ఫ్రాంకీ నకల్స్‌ది. 1991లో బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, 1997లో మళ్ళీ వస్తే మూడో స్థానం. క్లబ్బులు వదిలి పదేళ్ళు దాటిన ఆవిడ గొంతు తెల్లవారుజామున మూడింటికి క్లబ్బుల్లో మోగేది, వేలమంది చేతులు పైకెత్తేవాళ్ళు. ఆ రికార్డు లేబుల్ మీద 'ఫీచరింగ్ క్యాండీ స్టేటన్' అని ఉంది.